సరిగ్గా ఊదలేదని రాశాను

ఊపిరి పరీక్షల గదిలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీరు ముప్పై ఏళ్లు చేశారు కదా, మాకేమైనా చెప్పండి" అంటారు. వాళ్లు అడిగేది మిషన్ గురించి. మిషన్ నడపడం పది రోజుల్లో వచ్చేస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఎంత కష్టంగా ఉందో అడిగి తెలుసుకోవడం నాకు పద్నాలుగేళ్లకు గాని రాలేదు. అదీ ఒక మనిషి పాడైపోయాక వచ్చింది. టీ ఇచ్చి కబుర్లలో చెప్పగలిగే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను.

నేను పనిచేసింది ఇనుపరాయి గనివాళ్ల ఆస్పత్రిలో. గని పేరు, ఆస్పత్రి పేరు రాయను. ఆ మనిషి పరీక్ష కాగితం మీద రాసిన చెయ్యి నాది. చెప్పుకోవలసింది దాని గురించే.

ఐదు మెట్లు

మా నాన్న కిరండుల్ లైనులో గ్యాంగ్‌మన్. పార్వతీపురం పక్క ఊరి నుంచి అమ్మను వెంటబెట్టుకుని ఈ కొండల్లోకి వచ్చాడు. నేను రైల్వే క్వార్టర్లో పుట్టాను. ఇంట్లో మా ఊరి తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. గోండీ వింటే సగం అర్థమయ్యేది. ఆస్పత్రిలో చేరిన కొత్తలో నా యాస విని గుంటూరు వైపు నర్సులు నవ్వేవారు. "ఏటి సుగుణా, ఎటెల్తన్నావు?" అని నన్నే అనుకరించేవారు. హిందీలో మాట్లాడితే ఎవరూ నవ్వరు. అందుకని డ్యూటీలో హిందీకి అలవాటు పడ్డాను. తెలుగు రోగి వచ్చినా హిందీలోనే మొదలుపెట్టేదాన్ని.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాయి పిండి చేసే క్రషర్ దగ్గరా, ఆ రాయిని మోసుకుపోయే బెల్టుల దగ్గరా పనిచేసేవాళ్లు. ఏళ్ల తరబడి లోపలికి పోయిన దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడి ఉంటుంది. దానికి బీడీ తోడు. కొందరికి ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ తోడు. ఇది నయమయ్యే జబ్బు కాదు. ఎంత ముదిరిందో కనిపెట్టి, మనిషిని సమయానికి దుమ్ములోంచి బయటికి లాగడమే చేయగలిగింది.

కొలతలు రెండు. మొదటిది మిషన్‌ది. గుండెల నిండా గాలి పీల్చి గొట్టంలోకి బలంగా ఊదితే, మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో అంకె వస్తుంది, పక్కనే గ్రాఫ్ వస్తుంది. రెండోది మనిషి నోటి మాట. దానికి సున్నా నుంచి నాలుగు దాకా ఐదు మెట్ల కాగితం ఉంటుంది. బాగా కష్టపడితే తప్ప ఆయాసం రాకపోతే సున్నా. గబగబా నడిచినా, ఎత్తు ఎక్కినా వస్తే ఒకటి. ఈడువాళ్లతో సమానంగా నడవలేకపోతే రెండు. వంద గజాలకే ఆగవలసి వస్తే మూడు. బట్టలు మార్చుకుంటేనే వస్తే, గడప దాటలేకపోతే నాలుగు.

ఈ కాగితం నాకు నేర్పింది డాక్టర్ శుక్లా. ఛాతీ జబ్బుల డాక్టరు. ప్రతి రోగి వీపు మీదా స్టెతస్కోపు పెట్టి తానే వినేవారు. ఒక్కరి మీద గొంతు లేపగా నేను చూడలేదు. ఆయనకు ఒకటే పట్టింపు, అంకె ఉండాలి. "సుగుణా, మనిషి మొహమాటపడతాడు, భయపడతాడు. గ్రాఫ్‌కి అవేవీ ఉండవు" అనేవారు హిందీలో. ఆ మాట సగమే నిజమని ఇప్పుడు అంటాను. అప్పుడు మాత్రం వేదవాక్కు.

సోమయ్య

సోమయ్యది కొంటా వైపు, శబరి ఒడ్డున ఊరు. క్రషర్ నుంచి పోయే బెల్టు కింద రాలిపడ్డ రాయిని పారతో ఎత్తి మళ్లీ పైకి వేసే పని. నాకంటే పదేళ్లు పెద్దవాడు. ఎర్ర దుమ్ము కనుబొమల్లో కూడా ఉండేది.

అది ఏటా జరిగే పరీక్షల వారం. వరండాలో బెంచీల మీద ముప్పై నలభై మంది కూర్చుని ఉన్నారు. సోమయ్య లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించాడు. అలా కూర్చోవడం కూడా ఒక లక్షణమే. కాగితంలో దానికి గడి లేదు.

హిందీలో అడిగాను. తెల్లమొహం వేశాడు. అప్పుడు తెలుగులో అడిగాను. మా ఇంటి తెలుగూ కాదు, అతని తెలుగూ కాదు, పుస్తకం తెలుగు.

"ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందా?"

"రాదమ్మా."

"పరుగెత్తితే?"

"ఏంది సిస్టరమ్మా, నేనెందుకు ఉరుకుత?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఈ పని చేసేవాళ్లకు సున్నా ఉండదులే అని ఒకటి వేశాను.

తర్వాత గొట్టం ఇచ్చాను. "జోర్ సే! ఔర్, ఔర్, ఔర్!" అని, గట్టిగా, ఇంకా ఇంకా ఊదమని అరిచాను. ఈ గదిలో అరవడం మా పని. అతను ఊదాడు. మెడ నరాలు పొంగాయి, కళ్లు ఎర్రబడ్డాయి, దగ్గు తెర వచ్చి బల్ల పట్టుకున్నాడు. అంకె చూస్తే ఉండవలసినదానిలో సగం కూడా లేదు. మళ్లీ ఊదించాను. మళ్లీ. మూడుసార్లూ అంతే.

ఒకటో మెట్టు మనిషికి ఇంత తక్కువ రాకూడదు. అంటే చెప్పిన జవాబు తప్పయినా కావాలి, ఊదడం తప్పయినా కావాలి. జవాబు సరిచూసుకోవాలంటే ఇంకో పావుగంట కూర్చోవాలి. వరండాలో జనం గొణుగుతున్నారు. అన్నం వేళ దాటింది. నేను గ్రాఫ్ కింద రెండు ముక్కలు రాశాను, ఎఫర్ట్ పూర్ అని. సరిగ్గా ఊదలేదు అని అర్థం. ఆ ముక్క పడితే డాక్టరు ఆ అంకెను లెక్కలోకి తీసుకోడు.

ఇక్కడ పని నేర్చుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ రోజు మూడు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెడితే ఒకే గీతలా ఉన్నాయి. ఊదకుండా తప్పించుకునేవాడు మూడుసార్లూ ఒకే రకంగా తప్పించుకోలేడు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. మూడూ కలిశాయంటే అతని దగ్గర ఉన్న ఊపిరంతా అదేనని అర్థం. ఇది నాకు తెలియక కాదు. నా కింద నేర్చుకునేవాళ్లకు నేనే చెప్పేదాన్ని.

ఆ ఏడాది ఎనిమిదిమందిని దుమ్ములోంచి తీసి స్టోరుకీ, గేటుకీ మార్చారు. సోమయ్య పేరు అందులో లేదు. మరుసటి ఏడు కూడా పరీక్ష చేసింది నేనే. పాత కాగితం తిరగేసి, మళ్లీ ఆ రెండు ముక్కలే రాశాను. రెండోసారి ఆలోచించను కూడా లేదు.

చక్రాల కుర్చీ

ఆ తర్వాతి వానాకాలం, ఒక పొద్దున ఓపీ దగ్గర సోమయ్యను చక్రాల కుర్చీలో చూశాను. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. పక్కన అతని భార్య ముత్తమ్మ, తల తడిసిపోయి. వేలికి ఆక్సిమీటరు పెట్టి ఆ అంకె చూడగానే అటెండరును కేకేసి ఆక్సిజన్ పెట్టించాను.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగాను ముత్తమ్మను.

"ఇట్లనే ఉంటడమ్మా. మూడేండ్లాయె. ఇయ్యాల జర ఎక్కువైంది."

"మూడేళ్లా? మరి నాకు ఏమీ లేదని చెప్పాడే!"

"నువ్వు ఉరుకుడు అడిగినవంట గద. ఆయన ఉరకడు. సైకిలు తొక్కుడు బంద్ జేసిండు. సంతకు పోడు. మా ఇంటికి ఏడు మెట్లున్నయి, డ్యూటీ నుంచొచ్చి మూడో మెట్టు మీద కూసుంటడు. చానాసేపటికి లేసి పైకొస్తడు. నీళ్లు నేనే మోస్త, కట్టెలు నేనే కొడ్త. బూట్ల తాళ్లు గూడ నేనే కట్టాలె, వంగలేడు."

డాక్టర్ శుక్లా పాత ఫైలు తెప్పించుకున్నారు. రెండేళ్ల గ్రాఫులు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆరు గీతలు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

"ఇది నీ రాతేనా?"

"అవును సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రాసింది నువ్వు, చదివి సంతకం పెట్టింది నేను. గీతలు నేనూ చూడలేదు. నువ్వు రాసిన ముక్క చూశాను, అంతే."

తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. ఆయన తిట్టలేదు. తప్పులో సగం తన మీద వేసుకున్నారు. పైవాళ్లలో అలాంటివారు అరుదు. అయినా ఒకటి చెప్పక తప్పదు. ఆయన సగం తీసుకున్నంత మాత్రాన నాది సగమైపోలేదు.

సోమయ్య పదిహేను రోజులు వార్డులో ఉన్నాడు. ఇక ఏ పనికీ పనికిరాడని డాక్టర్ల బోర్డు తేల్చింది. మొగుడూ పెళ్లాం సొంతూరు వెళ్లిపోయారు.

శబరి ఒడ్డున

మూడు నెలలు వాళ్ల దగ్గరికి వెళ్లడం నా వల్ల కాలేదు. తర్వాత సెలవు పెట్టి సుక్మా మీదుగా కొంటా బస్సెక్కాను. దిగి, దారి అడుక్కుంటూ రెండు మైళ్లు నడిచాను. సోమయ్య వసారాలో మంచం మీద, గోడకు మూట ఆనించి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. నన్ను చూసి లేవబోయాడు.

"సోమన్నా, లేవకు" అన్నాను. అప్పటిదాకా అతన్ని నేను వరసపెట్టి పిలవలేదు.

"ఏంది సిస్టరమ్మా, ఇంత దూరం!" అన్నాడు. మూడు మాటలకొకసారి ఆగుతున్నాడు.

కాసేపు పొలం సంగతి, వానల సంగతి మాట్లాడాము. తర్వాత నేను అడగవలసింది అడిగాను. "అన్నా, ఆ రోజు ఆయాసం వస్తుందా అంటే రాదన్నావు. భయపడి అన్నావా?"

అతను ఆలోచించాడు. "భయం లేకుండ ఉంటదా? పని పోతదని ఉంటది. గానీ, అబద్ధం చెప్పలే. మాకు ఆయాసమంటే అలుపు. పని జేస్తే అందరికొచ్చేదే. ఇది దమ్ము, ఊపిరి అందదు. నువ్వు దమ్ము అడగలే."

 ఆ మాట సంతలో వెయ్యిసార్లు విన్నాను. "ముసలాయనకు దమ్ము వస్తది" అని కూరగాయలమ్మే తెలుగు ఆడవాళ్లు అంటుంటే విన్నాను. నా గదిలోకి మాత్రం దాన్ని రానివ్వలేదు.

"దమ్ము ఎప్పటి సంది, అన్నా?" ఇప్పుడు అడిగాను, అతని మాటలోనే.

చెప్పాడు. ముందు సైకిలు పోయింది. తర్వాత ఇప్పపూలకు అడవికి పోవడం మానుకున్నాడు. తర్వాత ఏటికి స్నానానికి పోవడం. దిగడం బాగానే ఉండేదట, ఒడ్డు ఎక్కలేకపోయేవాడట. తర్వాత నిలబడి లుంగీ కట్టుకోవడం. ఒక్కొక్కటి విడిచిపెట్టిన వరస అతనికి క్షుణ్ణంగా గుర్తుంది. నా ఐదు మెట్లూ అందులో ఉన్నాయి. అడిగినవాళ్లు లేరు.

సాయంత్రం బోరింగు దగ్గర ముత్తమ్మ బిందె నింపుతుంటే పక్కన నిలబడ్డాను. ఆమెకు చెప్పకుండా బస్సెక్కలేననిపించింది.

"ముత్తమ్మా, రెండేళ్లూ ఆయన సరిగ్గా ఊదలేదని నేనే రాశాను. అట్లా రాయకపోతే ఆయన్ను దుమ్ములోంచి తీసేవాళ్లు."

ఆమె బోరింగు కొట్టడం ఆపింది. "ఊదలేదని రాసినవా?"

"రాశాను."

"ఆ దినం ఇంటికొచ్చి పండుకున్నడు. రెండు దినాలు లేవలే. పక్కటెముకలు నొప్పని కాపడం బెట్టించుకున్నడు. సిస్టరమ్మ గట్టిగ ఊదమన్నది, ఊదిన అన్నడు." బిందె ఎత్తి నడుం మీద పెట్టుకుంది. "అంత ఊదిండు" అని, ఇంటివైపు నడిచింది.

నేను వెనకాలే వెళ్లాను. అన్నం పెట్టింది. తిన్నాను. ఆ ఏడు కోతలకు ముందే సోమయ్య పోయాడని కొంటా నుంచి వచ్చిన డ్రైవరు ఒకతను చెప్పాడు.

పెన్సిలు రాతలు

ఆ తర్వాత నేను అడిగే తీరు మార్చాను. వస్తుందా, రాదా అని అడగడం మానేశాను. ఏం మానేశారు అని అడిగేదాన్ని. పోయిన పండగకు చేసి, ఈ పండగకు చేయనిది ఏమిటి? ఇంటి నుంచి బోరింగు దాకా ఎక్కడెక్కడ కూర్చుంటారు? నీళ్లు ఇప్పుడు ఎవరు మోస్తున్నారు? ముప్పై అడుగులు నా పక్కన నడిచి మాట్లాడండి. దమ్ము, ఎగపోత, రొప్పు, సాన్స్, ఎవరి మాట వాళ్లకు. గోండీవాళ్లు వస్తే వార్డు ఆయాను పిలిచి కూర్చోబెట్టుకునేదాన్ని. మగవాళ్లు ఏమీ లేదంటే వాళ్ల ఆడవాళ్లను అడిగేదాన్ని.

"ఇవన్నీ ఏ గడిలో రాస్తావు?" అన్నారు శుక్లా.

"గడి లేదు సార్. అంచున పెన్సిలుతో రాస్తాను."

"రాయి" అన్నారు. తర్వాత ప్రతి కాగితాన్నీ అడ్డంగా తిప్పి చదవడం మొదలుపెట్టారు.

అందరికీ ఇది నచ్చిందని అనుకోకండి. ఒక డ్రిల్లర్ భార్య మాట విని నేను మూడు వేశాను. అతన్ని గేటు దగ్గరికి మార్చారు. అతను వరండాలో అందరి ముందూ నా మీద అరిచాడు. "నా పెళ్లాన్ని అడిగి నన్ను ముసలోణ్ణి చేసింది" అన్నాడు. ఆ కోపంలో న్యాయం ఉంది. ఊపిరి పోయినవాడికి మిగిలిన పరువును నేను అడగకుండానే తీసేశాను. ఆ తర్వాత నుంచి భార్యను అడిగితే, భర్త ఎదురుగానే అడిగేదాన్ని.

శుక్లా రిటైరయ్యారు. పరీక్షలు కంప్యూటర్లోకి వచ్చాయి. దానికి అంచు లేదు. నేను పక్కన కాగితం పెట్టుకుని రాస్తూనే ఉన్నాను గాని, చదివేవాళ్లు తగ్గారు.

ముత్తమ్మ

నా సర్వీసు ఇంకో ఏడాది ఉందనగా, ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర ముత్తమ్మ నిలబడింది. జుట్టు నెరిసింది. భుజాలు చెవుల దగ్గరికి లేచి ఉన్నాయి. అలా లేచిన భుజాలు ఏం చెబుతాయో నాకు అప్పటికి తెలుసు. ఆమె ఏనాడూ క్రషర్ దగ్గర పనిచేయలేదు, బీడీ తాగలేదు. ముప్పై ఏళ్లు మూసిన గదిలో తడి కట్టెల పొయ్యి ముందు కూర్చుంది, అంతే.

అప్పుడు తట్టింది నాకు. ఎన్ని వందల ఆడవాళ్లను అడిగాను! మీ ఆయన ఎక్కడ కూర్చుంటాడు, మీ ఆయన ఏం మానేశాడు అని. నీకెలా ఉందమ్మా అని ఒక్కరినీ అడగలేదు. వాళ్లు గదిలోకి వచ్చేటప్పుడే కొందరు రొప్పుతూ ఉండేవారు. బిందెలు మోస్తారు కదా, అనుకునేదాన్ని. సోమయ్య తర్వాత నేను మారానని గర్వపడ్డ ఏళ్లన్నీ ఈ లెక్కలో పోయాయి.

ఆమెను కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చి, గంటసేపు అడిగాను. గొట్టం ఇచ్చేటప్పుడు అరవలేదు. ఆమె ఊదింది. రెండోసారి ఊదబోతూ ఆగింది.

"ఇప్పుడేం రాస్తవు?"

"ఊదింది అని రాస్తాను."

"సదువు."

రాసినదంతా ఆమె మాటల్లోకి మార్చి చదివి వినిపించాను. కట్టెలు కొట్టడం మానింది. మొగుడు పోయిన మూడో ఏటి నుంచి దమ్ము ఉంది. ఇంటి నుంచి బోరింగు దాకా రెండుసార్లు ఆగుతుంది. కాగితం కేసి చూస్తూ విన్నది. "ఆఁ, అంతే" అన్నది. రెండో మెట్టు వేశాను.

కొత్త డాక్టరమ్మ పీల్చే మందు రాసింది. ఎలా పీల్చాలో నాలుగుసార్లు చేయించి పంపాను. ఆమె గేటువైపు నడుస్తుంటే కిటికీలోంచి చూశాను. మా గది నుంచి గేటు దగ్గరే. ముత్తమ్మ సైకిల్ స్టాండు దగ్గర ఆగింది. చెట్టు మొదట్లో ఆగింది. నీళ్ల ట్యాంకు దగ్గర గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది. గేటు ముందు, ఎవరో అడ్డొచ్చినట్టు నటించి, మళ్లీ ఆగింది.

రెండుసార్లు ఆగుతానని చెప్పింది. నాలుగుసార్లు ఆగింది.

నేను వెనక్కి వచ్చి కాగితం తీసి, రెండో మెట్టు కొట్టేసి మూడు వేశాను. కాగితం పట్టుకుని డాక్టరమ్మ గదికి పరుగెత్తాను. ఆమె ఇంకో మందు కలిపి రాసింది. ఆ చీటీ పట్టుకుని బస్టాండుకు వెళ్లేసరికి కొంటా బస్సు ఇంకా కదల్లేదు. ముత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. చీటీ చేతికిచ్చి, "రెండుసార్లే ఆగుతానని ఎందుకు చెప్పావు?" అన్నాను.

"అంత దూరం నుంచొచ్చి ఎక్కువ చెప్పుకుంటే బాగుండదు గద, బిడ్డా" అన్నది. బస్సు కదిలింది.